గళ్ల చీర, మొజంజాహీ మార్కెట్: ఒక దర్జీ బొమ్మల పుస్తకం

ఒకే పుస్తకంలోని రెండు పేజీల ఫొటోలు పక్కపక్కన పెట్టుకొని ఇది రాస్తున్నాను. ఒకటి మొదటి పేజీ, రెండోది ముప్పై నాలుగో పేజీ. రెండింటిలోనూ ఉన్నది హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టే. రెండూ వేసింది ఒకే చెయ్యి, ఒకే పెన్ను. మధ్యలో గడిచింది దాదాపు తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో నేను ఏం నేర్పానో, ఎక్కడ తప్పుదారి పట్టించానో, ఆ బొమ్మలు వేసిన దర్జీ ఆవిడ నాకు తెలియనిది ఏం తెచ్చారో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కట్టడాల బొమ్మలు నేర్పేవాళ్లకు, నేర్చుకునేవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.

ఆవిడ వయసు నలభై ఆరు. ఇరవై రెండేళ్లుగా బట్టలు కుట్టే దుకాణం నడుపుతున్నారు. 2023 నవంబరులో ఒక ఆదివారం ఉదయం మా బృందం మొజంజాహీ మార్కెట్ ఎదుట కూర్చొని బొమ్మలు వేస్తుంటే ఆగి చూశారు. మరుసటి వారం చేతిలో చిన్న స్కెచ్ పుస్తకంతో వచ్చారు. మేం పదకొండు మందిమి. ఏడింటికి మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగిస్తాం. చివరన పుస్తకాలన్నీ మెట్ల మీద వరసగా తెరిచి పెడతాం.

మొదటి పేజీ

మార్కెట్ గురించి తెలియనివారికి రెండు మాటలు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1935లో కట్టిన రాతి కట్టడం ఇది. ఆయన రెండో కుమారుడి పేరు పెట్టారు. మూల మీద గడియార గోపురం నిలబడి ఉంటుంది. దాని నుంచి దుకాణాల రెక్కలు రెండు వైపులకు సాగిపోతాయి. గ్రానైటు కమానులు, వాటి కింద ఐస్‌క్రీం దుకాణాలు, అత్తరు దుకాణాలు. 2020లో పునరుద్ధరణ పూర్తయ్యాక రాయి రంగు మళ్లీ బయటపడింది. రెండు వైపులకు దూరమయ్యే గోడలు ఒకేసారి కనిపిస్తాయి కనుక పర్‌స్పెక్టివ్, అంటే దూరమయ్యేకొద్దీ కంటికి చిన్నగా కనిపించేదాన్ని అలాగే గీయడం, నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఊళ్లో నాకు తెలియదు.

ఆవిడ మొదటి బొమ్మలో గోపురం మధ్యలో ఉంది. రెక్కలు రెండూ అంగుళం తేడా లేకుండా సమానం. కమానులన్నీ ఒకే వెడల్పు. కట్టడం మొత్తం ఇస్త్రీ చేసి బల్ల మీద పరిచినట్టుంది. గోపురం కుడివైపుకు కాస్త ఒరిగింది. కానీ ఒక విషయం నన్ను ఆపింది. కమానుల వంపు అద్భుతంగా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు కమాను గీస్తే ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి పోతుంది. ఆవిడ గీతలో ఆ తడబాటు లేదు. ఎలా వచ్చిందని అడిగాను.

“రోజూ జాకెట్లకు మెడలు కోస్తాను కదా మాస్టారూ,” అన్నారు.

రెక్కలు రెండూ సమానంగా ఎందుకు వేశారంటే మరో సమాధానం వచ్చింది. “చేతులు రెండూ సమానంగా లేకపోతే జాకెట్టు ఎవరు తీసుకుంటారు?”

ఆ మాటను నేను ఆ రోజు సరిగా వినలేదు. మొత్తం సమస్య ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆవిడకు చూపు తక్కువ కాదు, కొలత తెలియకా కాదు. కొలత మరీ బాగా తెలుసు. కమానులన్నీ నిజంగా ఒకే వెడల్పున కట్టినవే. తెలిసిన ఆ నిజం ఎదుట కనిపిస్తున్నదాన్ని కప్పేస్తోంది. ఇంజినీర్లకు, మేస్త్రీలకు, దర్జీలకు ఈ ఇబ్బంది ఎక్కువ. వస్తువు అసలు కొలతలతో పనిచేసేవారికి, అది కంటికి ఎలా ఆనుతుందో గీయమంటే చెయ్యి ఎదురు తిరుగుతుంది.

నేను చేసిన పొరపాటు

రెండో వారమే ఆవిడ చేతికి స్కేలు ఇచ్చాను. అడ్డంగా ఒక గీత గీయించి, రెండు చివర్లా రెండు బిందువులు పెట్టించి, అన్ని గీతలూ ఆ బిందువుల్లో కలవాలని చెప్పాను. పెట్టెలు గీయించాను. ఒక ఆదివారమంతా పెట్టెలే. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేశారు. పెట్టెలు సరిగ్గా వచ్చాయి. అయితే తలెత్తి మార్కెట్ వంక ఒక్కసారీ చూడలేదు.

తరవాత ఐదు వారాలు రాలేదు. సంక్రాంతి ముందు కుట్టుపని ఎక్కువై ఉంటుందనుకున్నాను. అదీ ఉంది. అసలు కారణం తరవాత ఆవిడే చెప్పారు: “నేను మార్కెట్ వేద్దామని వచ్చాను. మీరు పెట్టెలు వేయించారు.”

నియమం ముందు చెప్పి, దాన్ని కట్టడం మీద రుద్దడం పర్‌స్పెక్టివ్ నేర్పడంలో చాలాకాలంగా ఉన్న అలవాటు. నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ నేర్చుకునేవారు ముందు ఒక వింతను కళ్లారా చూడాలి. అప్పుడు నియమం వాళ్లకే అవసరమవుతుంది. ఈ కేసు నా పద్ధతినే మార్చింది.

దుకాణంలో గళ్ల చీర

జనవరి చివర్లో ఒక లాల్చీ కుట్టించుకోవడానికి ఆవిడ దుకాణానికి వెళ్లాను. గోడ పొడవునా తీగ కట్టి, దాని మీద ఒక నారాయణపేట గళ్ల చీరను ఆరేసి ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను, చీర నాకు ఏటవాలుగా లోపలికి సాగుతోంది. దగ్గరి గళ్లు చదరంగా, పెద్దగా ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ సన్నబడి, చివరన నిలువు గీతల్లా దగ్గరకు చేరాయి.

“ఆ గళ్లు అన్నీ సమానమేనా అమ్మా?” అన్నాను.

“సమానమే. చేనేత చీర.”

“ఇక్కడ నిలబడి చూడండి.”

ఆవిడ మిషను దగ్గర నుంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత టేపు తీసి, చెయ్యి చాపి, కంటి ముందు గాలిలో పట్టుకొని దగ్గరి గడిని కొలిచారు. చివరి గడిని కొలిచారు. మళ్లీ చీర దగ్గరికి వెళ్లి రెండు గళ్లనూ బట్ట మీదే కొలిచారు. టేపు చేతిలో పట్టుకొనే, “మరి మార్కెట్లో కమానులు కూడా ఇంతేనా?” అని అడిగారు.

ఆ చీర పై అంచు కిందికి వాలుతూ, కింది అంచు పైకి లేస్తూ పోవడం కూడా ఆవిడే చూశారు. నేను ఏమీ చెప్పలేదు. తరవాతి ఆదివారం మళ్లీ వచ్చారు.

కంటి మట్టం, బొత్తాం, రింగు

ఇక్కడి నుంచి పని వేగంగా సాగింది. ఏ క్రమంలో చేశామో వివరంగా చెబుతాను.

మొదట కంటి మట్టం. సమతల నేల మీద నిలబడితే మన కన్ను నేల నుంచి దాదాపు ఐదడుగుల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తున కట్టడం చుట్టూ ఒక దారం కట్టారనుకోండి, అది మనకు అడ్డంగా తిన్నగా కనిపిస్తుంది. దానికి పైనున్న అడ్డగీతలన్నీ దూరమయ్యేకొద్దీ కిందికి దిగుతాయి. కిందున్నవి పైకి ఎక్కుతాయి. దీన్ని సరిచూసుకోవడానికి సులువైన ఉపాయం, రోడ్డు మీద నడిచే మనుషులు. మన ఎత్తే ఉన్నవారు దగ్గరున్నా దూరమున్నా వాళ్ల తలలు ఒకే వరసలో కనిపిస్తాయి. మనం ముక్కాలిపీట మీద కూర్చుంటే ఆ వరస వాళ్ల ఛాతీ దగ్గరికి దిగుతుంది. ఆవిడ ఇది వినగానే రోడ్డు మీదికి చూసి నవ్వారు. “జాకెట్టు పొడవు కొలిచేచోట కోస్తోంది గీత,” అన్నారు.

కొత్తవాళ్లందరూ చేసే ఒక తప్పు ఇక్కడే దొరుకుతుంది. పైకప్పు అంచు ఎంత వాలిందో, నేల గీత కూడా అంతే ఎక్కినట్టు గీస్తారు. అప్పుడు కట్టడాన్ని మేడ మీద నుంచి చూసినట్టుంటుంది. గోడ ఎత్తు ఇరవై ఐదు అడుగులు అనుకుందాం. కంటి మట్టానికి కింద ఐదడుగులు, పైన ఇరవై. పై అంచు వాలు నేల గీత ఎక్కుడుకు నాలుగు రెట్లు ఉంటుందన్నమాట. నేల గీత దాదాపు అడ్డంగానే ఉండాలి. ఈ ఒక్కటి దిద్దుకుంటే సగం బొమ్మలు నేల మీద నిలబడతాయి.

రెండోది, ఒరిగిపోయే గోపురం. పుస్తకం ఒళ్లో ఏటవాలుగా ఉంటే చేతికి నిలువు అనిపించేది నిజంగా నిలువు కాదు. దీనికి ఆవిడే ఉపాయం తెచ్చారు. జానెడు దారానికి కోటు బొత్తాం ఒకటి కట్టి, చెయ్యి చాపి గోపురం ముందు వేలాడదీశారు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకొనే గుండు లాంటిదే. ఆ దారాన్ని పేజీ మీద కూడా పట్టుకొని సరిచూసుకునేవారు. ఇప్పుడు మా బృందంలో అందరి సంచుల్లోనూ ఒక బొత్తాం ఉంది.

మూడోది నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. ఫిబ్రవరిలో ఒకరోజు ఆవిడ ఎంబ్రాయిడరీ రింగు ఒకటి తెచ్చారు. దానిలో పలుచని తెల్లని నెట్ బట్ట బిగించి, నల్ల దారంతో నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు వరసలు కుట్టారు. రింగును కంటి ముందు పట్టుకుంటే మార్కెట్ మొత్తం గళ్లలోకి వస్తుంది. గోపురం కొన ఏ గడిలో ఉంది, రెక్క చివర ఏ గడిలో ఆగింది అన్నది కనిపిస్తుంది. పేజీ మీద కూడా పెన్సిలుతో అవే గళ్లు పలచగా గీసుకున్నారు. నా ఒళ్లు జలదరించింది. 1435లో ఇటలీలో ఆల్బెర్టీ అనే పండితుడు చిత్రకారులకు ఇచ్చిన సలహా సరిగ్గా ఇదే: పలుచగా నేసిన తెరలో మందపాటి దారాలతో గళ్లు వేసి, కంటికీ వస్తువుకీ మధ్య పెట్టుకోమని. ఈ సంగతి ఆవిడకు తెలియదు. ఎవరూ చెప్పకుండా, తన చేతిపని నుంచే అక్కడికి చేరారు. ఆల్బెర్టీ సంగతి చెబితే రింగును కాసేపు తిప్పి చూసి, “ఆయన దగ్గర నెట్ ఎక్కడిదో,” అన్నారు.

నాలుగోది కమానుల మధ్య దూరం. దగ్గరి కమాను వెడల్పు కొలిచాం, రెక్క చివరిదీ కొలిచాం. మధ్యవాటిని ఎలా పంచాలి? బట్టను సగానికి మడిచినట్టు పేజీ మీద సగం కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే దూరపు సగం చిన్నగా కనిపించాలి. దానికి గోడ నాలుగు మూలల నుంచి ఐమూలగా రెండు గీతలు గీస్తే అవి కలిసేచోటే కంటికి కనిపించే నడిమి. ఆ నడిమి నుంచి మళ్లీ సగం, మళ్లీ సగం. ఐమూల అన్న మాట వినగానే ఆవిడకు ఇంకేమీ చెప్పాల్సిన పని పడలేదు. కమాను మొన కూడా ఆ నడిమి మీదే పడుతుంది, పేజీ మీద కొలిచిన నడిమి మీద కాదు. ఇది పట్టుబడ్డాక ఆవిడ కమానులకు గాలి ఆడింది.

ఇవన్నీ మార్చి నాటికే చేతికొచ్చాయి. నీడలు, చెట్లు, తీగలు, మనుషులు ఆ తరవాత మెల్లగా వచ్చాయి. వాటి గురించి ప్రత్యేకంగా చెప్పాల్సింది లేదు.

పదిమందికి చూపించడం

2007లో సియాటిల్‌లో గాబ్రియేల్ కంపనారియో అనే పత్రికా చిత్రకారుడు అర్బన్ స్కెచర్స్ అనే బృందాన్ని మొదలుపెట్టారు. ఉన్నచోటే కూర్చొని, కళ్లతో చూసి గీయడం, గీసింది పదిమందితో పంచుకోవడం వాళ్ల పద్ధతి. ప్రపంచమంతా పాకిన ఆ పద్ధతిని మేమూ మాకు చేతనైనట్టు పాటిస్తాం. అయితే పంచుకోవడం దానంతట అదే మేలు చేయదని ఈ కేసులో స్పష్టంగా చూశాను.

ఏప్రిల్‌లో ఆవిడ ఒక చార్మినార్ బొమ్మ వేసి తమ బంధువుల ఫోను గ్రూపులో పెట్టారు. మెచ్చుకోళ్లు వరసకట్టాయి. దుబాయి నుంచి తమ్ముడు ఫోను చేశాడట. చాలా సంతోషంగా చెప్పారు, నాకూ సంతోషమే. కానీ తరవాతి ఆరు వారాల్లో పుస్తకంలో తొమ్మిది చార్మినార్లు వచ్చాయి. అన్నీ ఒకే ఫొటో చూసి వేసినవి. ఫోనును పైకెత్తి తీసిన ఫొటోలో మీనార్లు పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి. ఆవిడ ఆ వాలును కూడా నమ్మకంగా దించారు. బొత్తాం సంచిలోనే ఉండిపోయింది.

నేను ఏమీ అనకుండా అందరినీ ఒక ఆదివారం చార్మినార్‌కే తీసుకెళ్లాను. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని మూల నుంచి చూసే చోట కూర్చున్నాం. ఆవిడ పుస్తకం తెరిచి, పాత బొమ్మను, ఎదుట ఉన్నదాన్ని మార్చి మార్చి చూశారు. మూల నుంచి రెండు ముఖాలు కనిపిస్తాయి, రెండు గడియారాలూ కనిపిస్తాయి. 1889లో నాలుగు వైపులా అమర్చినవి అవి. ఆవిడ తొమ్మిది బొమ్మల్లోనూ ఒకే ముఖం, ఒకే గడియారం. కాసేపటికి బొత్తాం బయటికి తీశారు. ఆ రోజు వేసిన బొమ్మ సగంలోనే ఆగిపోయింది. నా దృష్టిలో అది ఆ తొమ్మిదింటికన్నా విలువైనది. దాన్ని మాత్రం బంధువులకు పంపలేదు.

అందుకే మెట్ల మీద పుస్తకాలు పరిచే పద్ధతిని మార్చుకున్నాం. “బాగుంది” అనడం నిషేధించలేదు, అది మనసుకు కావాలి. కానీ పుస్తకం పెట్టినవాళ్లు ముందు రెండు మాటలు చెప్పాలి: నేను ఎక్కడ కూర్చున్నాను, నాకు ఏది దొరకలేదు. చూసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, కంటి మట్టం ఎక్కడ పెట్టారు. జూన్‌లో ఆవిడ తన ఇరవై ఏడో పేజీని ఇలా చూపించారు. ఎడమ రెక్క దగ్గర ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. పక్కన ఆవిడే రాసుకున్నారు: ‘ఇది తెలిసి వేశాను, చూసి వేయలేదు.’ అది చదివి, మా బృందంలోని ఆర్కిటెక్చర్ విద్యార్థి తన పుస్తకం తీసి అలాంటి చోట్లు నాలుగు వెతుక్కున్నాడు.

ఫొటో తీసి పంపుకోవడంలో ఒక చిక్కు ఉంది, అదీ చెప్పాలి. ఒకసారి మా గ్రూపులో ఒకరు, ఆవిడ గోపురం మళ్లీ ఒరిగిందన్నారు. ఆవిడ రాత్రంతా దిద్దారు. ఆదివారం పుస్తకం తెచ్చి మెట్ల మీద పెడితే, దిద్దకముందు గీసిన గీతే నిలువుగా ఉంది. ఒరిగింది ఫొటో. పేజీకి దగ్గరగా, ఏటవాలుగా పట్టుకొని, దీపం కింద తీసింది. ఆ దిద్దుబాటుతో మంచి బొమ్మ ఒకటి పోయింది. అప్పటి నుంచి పగటి వెలుతురులో, కిటికీ పక్కన, పుస్తకాన్ని నేల మీద పరిచి క్లిప్పులు పెట్టి, నిటారుగా నిలబడి, కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీస్తున్నాం. పేజీ నాలుగు అంచులూ ఫొటోలో కనిపించాలి. అంచులు చదరంగా లేకపోతే బొమ్మ మీద మాట్లాడం.

మేస్త్రి చెప్పిన మాట

ఆగస్టులో ముప్పై నాలుగో పేజీ పూర్తయింది. ఆ బొమ్మలో కుడి రెక్క పొడవుగా, ఎడమ రెక్క కురచగా ఉన్నాయి, ఆవిడ కూర్చున్న చోటు అలాంటిది. గోపురం నిటారుగా ఉంది. కమానులు చీర గళ్లలా దగ్గరవుతూ పోయాయి. రోడ్డు మీద మనుషుల ఛాతీల మీదుగా కంటి మట్టం నడిచింది. గోపురం పైనున్న గుండ్రని భాగాలు ఇంకా తేలిపోతున్నాయి, వాటికి ఇంకా కొంత కాలం పడుతుంది. నేను నేర్పగలిగింది అక్కడికి దాదాపు అయిపోయింది.

ఆ పుస్తకం దుకాణంలో మిషను పక్కన ఉంటుంది. భార్య జాకెట్లు తీసుకెళ్లడానికి వచ్చిన ఒక తాపీ మేస్త్రి, బిల్లు రాసేలోపు పేజీలు తిరగేశాడు. ముప్పై నాలుగో పేజీ దగ్గర ఆగి వేలు పెట్టాడు.

“అమ్మా, ఈ రాళ్లు ఇలా పేరిస్తే కమాను నిలవదు.”

ఆవిడ కమానులో రాళ్లను గోడలో ఇటుకల మాదిరి అడ్డవరసలుగా గీశారు. నేనూ చూశాను ఆ బొమ్మను, పదిసార్లయినా చూశాను, నాకు తట్టలేదు. మేస్త్రి బట్టలు కోసే బల్ల మీద సుద్ద, దారం అడిగాడు. దారం ఒక కొస వేలితో నొక్కిపెట్టి, రెండో కొసకు సుద్ద కట్టి ఒక వంపు గీశాడు. కొస పక్కకు జరిపి నొక్కి రెండో వంపు గీశాడు. రెండూ పైన మొన దగ్గర కలిశాయి. మొనదేరిన కమానుకు రెండు కేంద్రాలు ఉంటాయి. ఎడమ వంపులో రాళ్ల కీళ్లన్నీ దాని కేంద్రం వైపు, కుడి వంపువి దాని కేంద్రం వైపు చూస్తాయి. ప్రతి రాయీ బయటి అంచున వెడల్పు, లోపలి అంచున ఇరుకు. అందుకే ఒకదాన్నొకటి నొక్కుకొని నిలబడతాయి. పైన చివరి రాయి పడేదాకా కింద సెంట్రింగ్, అంటే రాళ్లను మోసే తాత్కాలిక ఆధారం, తీయరు. ఇదంతా అతను చెబుతుంటే ఆవిడ అతని వేళ్లనే చూశారట. అతను వెళ్లిపోయాక ఆ సుద్ద గీతలను రెండు రోజులు తుడవనివ్వలేదు. నేను వెళ్లేసరికి కోత పని నేల మీద చాప పరుచుకొని చేస్తున్నారు.

తరవాతి ఆదివారం ఆవిడ ముక్కాలిపీటను మార్కెట్ దగ్గరికి జరుపుకొని, పేజీ అంతటా ఒకే ఒక్క కమాను వేశారు. రెండు గంటలు పట్టింది. ఒక్కో కీలు గీసేముందు దారం చాపి చూసుకున్నారు. తొమ్మిదింటికి మెట్ల మీద పుస్తకం పెట్టి, మా పద్ధతి ప్రకారం రెండు మాటలు చెప్పారు.

“దుకాణం ముందు, పది అడుగుల దూరంలో కూర్చున్నాను. మొన దగ్గర ఒకే రాయి ఉందా, రెండు రాళ్లు కలిసే కీలు ఉందా, నాకు దొరకలేదు. బోర్డు అడ్డం వచ్చింది.”

పేజీలో ఆ చోటును ఖాళీగానే వదిలేశారు. మేం పదకొండు మందిమి పుస్తకాలు మెట్ల మీదే వదిలి, ఆవిడ వెనక కమాను కిందికి నడిచాం.